అల్లుడుగారి షుగరు

మా బావగారికి షుగరు వచ్చింది. మూణ్ణెల్ల సరాసరి చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్షలో 7.9 తేలింది. 6.5 చేరితేనే షుగరు కింద లెక్క. ఈ కబురు కార్తీకమాసంలో మా ఊరు చేరింది. సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది. కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించి పేపర్లో ఫొటో వేయించుకునే గోదావరి జిల్లాల్లో అల్లుడు తీపి తినకూడదంటే అది జబ్బు కాదండి, పరువు సమస్య. బావగారు కొత్తేం కాదు. పెళ్ళై ఇరవై రెండేళ్ళు, బట్టతల కూడా వచ్చేసింది. అయినా మా వైపు అల్లుడికి రిటైర్మెంటు లేదు.

వెంటనే కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు మా మేనత్త. "పంచదారండీ విషం. బెల్లం ఏం చెయ్యదు, ఆయ్. అందులో ఐరన్ ఉంటుంది" అని తీర్పిచ్చింది. పంచదార డబ్బా అటకెక్కింది. తాపేశ్వరం మడతకాజాకీ, కాకినాడ గొట్టంకాజాకీ గుమ్మంలోనే నో ఎంట్రీ. ఆ మర్నాడు పది కిలోల బెల్లం దిగింది.

చెరుకు రసం కాచి ఆరబెడితే బెల్లం. అదే రసాన్ని శుభ్రం చేసి తెల్లగా స్ఫటికాలు తీస్తే పంచదార. రెండింట్లోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అంటే చక్కెరే. ఐరన్ కోసం బెల్లం తినడమంటే మేకు కోసం తలుపు కొనుక్కోవడమే. ఇంత చెబితే మా అత్తయ్య నా వైపు జాలిగా చూసి, "చదువుకున్నావు కదరా" అంది.

ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది 2023లో. దేశంలో పదికోట్ల పైచిలుకు మందికి షుగరుందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్క తేల్చిందీ ఆ ఏడే. రెండు గుర్తింపులూ ఒకే పందిట్లో జరిగిన పెళ్ళిళ్ళలా వచ్చాయి. ఇప్పుడు రోడ్డు పక్కన ఏ కొట్టు చూసినా 'షుగర్‌లెస్ పూతరేకులు' అని బోర్డు. ఏం వేశారండీ అనడిగితే, బెల్లమండీ అంటారు. దాపరికం లేదు, అపరాధభావం అంతకన్నా లేదు.

ఇక భోగి ముందు రోజు జరిగిన మహాఘట్టం. పిన్ని కొడుకు హైదరాబాదు నుంచి స్టీవియా పొడి తెచ్చాడు, చక్కెర లేకుండా తీపినిచ్చే ఆకు పొడి. దాంతో అరిసెలు వండాలని తీర్మానం. బియ్యం నానబెట్టారు, తడిపిండి కొట్టించారు, జల్లించారు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, పొడి వేసి, పొయ్యి మీద పెట్టి పాకం కోసం ఎదురుచూశారు. అరగంటైంది. పిన్ని గరిటెతో తీసి పళ్ళెంలోని నీళ్ళలో ఒక చుక్క వేసింది. ఉండ కట్టాలి. ఆ చుక్క ఏమైందో ఎవరికీ తెలీదు. నీళ్ళలో నీళ్ళు కలిశాయి. "ఇంకాస్త మరగనివ్వండే" అంది అత్తయ్య. ఇంకాస్త మరిగింది. మళ్ళీ చుక్క. గోదాట్లో కలిసినట్టు కలిసిపోయింది. పాకమంటే చిక్కబడ్డ చక్కెరేనమ్మా, అది లేకపోతే ఉండ ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నాను. నన్ను వంటింట్లోంచి గెంటేశారు. ఆ నీళ్ళలోనే పిండి కలిపి, తట్టి నూనెలో వేశారు. వేసింది అరిసే గానీ తేలింది పిండి పొట్టు. చిల్లుల గరిటెతో దేవుకున్నారు. చివరికి, "పట్టు కోసం" అని కొంచెం బెల్లం వెయ్యాలని నిశ్చయించారు. ఆ కొంచెం, రెండు కిలోలు. స్టీవియా పాకెట్టు ఖాళీగా గట్టు మీద ఉంది కాబట్టి వాటి పేరు మాత్రం షుగర్ ఫ్రీ అరిసెలే.

మామూలు అరిసెలైతే బావగారు భయపడుతూ రెండు తినేవారు. షుగర్ ఫ్రీ కదా, ఏడు తిన్నారు.

ఒక అరిసె తినండి, పులిహోరా అన్నం సగానికి తగ్గించండి, సాయంత్రం కాలవగట్టు మీద నడిచి రండి అంటే సరిపోయేది. కానీ 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మా డెల్టాకి అన్నం పెడుతున్నది వరి. దాన్నెవరు అనుమానిస్తారు?

ఇంతకీ ఆ అరిసెలు వండిందెవరు? మా అమ్మ. అమ్మకి షుగరు వచ్చి పదకొండేళ్ళు. కమిటీ ఎజెండాలో ఆ సంగతి లేదు. అల్లుడికి వస్తే వార్త, అత్తగారికి వస్తే వయసు.

సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకోవాలి. అది అయ్యేదాకా ఇంటావిడ తినదు. అయ్యాక మగాళ్ళ విస్తళ్ళు, తర్వాత పిల్లలవి. అమ్మ పొద్దున్నే బిళ్ళ వేసుకుంది, ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ని కిందికి లాగేసే రకం బిళ్ళ. ఒంటిగంటన్నరకి బావగారికి నెయ్యి వడ్డిస్తూ చెమటలు పట్టి, చేతులు వణికి, గోడకి జారబడిపోయింది. ఎవడన్నా అడిగాడా అండీ, పొద్దుట్నుంచి నువ్వేమైనా తిన్నావా అని? ఇరవైమంది ఉన్నాం ఇంట్లో! ఆవిడ ముద్ద దిగకుండా మీ విస్తట్లో లోటు వెతుకుతార్రా? నన్నూ కలిపే తిడుతున్నాను. నలభై ఆరేళ్ళ గాడిదని, గుమ్మంలో నిలబడి వడ్డన వీడియో తీస్తున్నాను.

బావగారి మీటరుతోనే గుచ్చి చూస్తే 54. డెబ్బై దాటకపోతే వెంటనే మూడు చెంచాల పంచదార పట్టాలి. పంచదారేదీ? అటక మీద. నిచ్చెనేదీ? పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. పిన్ని కంగారులో షుగర్ ఫ్రీ పొడి కలిపిన నీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు లాక్కుని పారబోసి, గుప్పెడు బెల్లం నీళ్ళలో చిదిపి నేనే తాగించాను. పదిహేను నిమిషాలకి మళ్ళీ గుచ్చితే 91.

అత్తయ్య మీటరు చేతిలోకి తీసుకుంది. అంకె చూసింది, గ్లాసు అడుగున మిగిలిన బెల్లం చూసింది, ఎనిమిదో అరిసె అందుకుంటున్న బావగారిని చూసింది.

"ఇది పాడైపోయినట్టుంది బాబూ, కొత్తది కొనుక్కోండి" అంది.