వెర్ది 'ఒటెల్లో' షేక్‌స్పియర్‌ని పాడుచేయలేదు

"వెర్ది ఒపెరా 'ఒటెల్లో' అంటే ఏముంది? షేక్‌స్పియర్ నాటకంలో మొదటి అంకం కోసేసి, ఇయాగోని దెయ్యంగా మార్చి, మిగిలిన కథని పాటలతో నింపడమే." ఈ మాట తెగ తిరుగుతోంది. షేక్‌స్పియర్ నాటకంలో ఇయాగో అనే సైనికుడు, డెస్డిమోనాకి కాసియోతో సంబంధం ఉందని ఆమె భర్త, సేనాని ఒథెల్లోని నమ్మించి, అతని చేతే ఆమెని చంపిస్తాడు. దాన్ని పాడుతూ నడిచే నాటకంగా, అంటే ఒపెరాగా మలిచిన ఇటాలియన్ సంగీతకర్త వెర్ది. అందులో ఒథెల్లో పేరు ఒటెల్లో. ఒపెరా వినకుండానే పక్కన పెట్టడానికి చాలామందికి ఇది సాకయింది. నాకు ప్రాణమైన ఒపెరా కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ మొదటి అంకం సంగతి. వెనిస్‌లో జరిగే ఆ అంకాన్ని, ఒపెరాకి మాటలు రాసిన బోయితో వదిలేసిన మాట నిజమే. దాదాపు మూడున్నర వేల పంక్తుల నాటకం ఆయన చేతిలో ఎనిమిది వందల లోపుకు వచ్చింది. తెర లేస్తే సైప్రస్ రేవు, పెనుతుపాను. దాని అడుగున ఆర్గాన్ మీద పక్కపక్క స్వరాలు మూడు ఒకేసారి, ఆగకుండా మోగుతూ ఉంటాయి. వినేవాళ్లకి ఆ అలజడి ఎక్కడినుంచి వస్తోందో తెలియదు, ఒంట్లోకి మాత్రం ఎక్కుతుంది. కథ సైప్రస్‌లోనే మొదలై ఉంటే నాటకం కట్టుదిట్టంగా ఉండేదని ఇంగ్లిష్ విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ 1765లోనే అన్నాడు. ఈ ఒపెరా మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో వేదిక ఎక్కింది ఆ తరవాత ఎప్పటికో, 1887 ఫిబ్రవరి 5న.

పోయింది లేదని అనను. తండ్రి ఎదుట నిలబడి తన పెళ్లిని సమర్థించుకునే డెస్డిమోనా ఒపెరాలో లేదు. నల్లవాడంటూ ఒథెల్లో మీద చూపించే ద్వేషం కూడా పలచబడింది. ఇది చిన్న నష్టం కాదు.

ఇయాగో దెయ్యమన్నది మాత్రం ఒప్పుకోను. రెండో అంకంలో అతను క్రూరుడైన దేవుణ్ని నమ్ముతానని పాడే 'క్రేదో' నాటకంలో లేదు, బోయితో రాసిందే. కానీ తనకి కాకుండా కాసియోకి పదవి దక్కిందన్న కడుపుమంట ఒపెరాలోనూ ఉంది. ఇయాగోని మనిషి రూపంలో ఉన్న పిశాచంలా నటించడం అన్నిటికన్నా పెద్ద తప్పని ప్రదర్శన సూచనల్లో హెచ్చరించింది కూడా బోయితోనే! కాసియో నిద్రలో కలవరించాడని చెప్పే చోట ఇయాగో అరవడు. చెవిలో చెప్పినట్టు, మెల్లగా, తీయగా పాడతాడు. ఒటెల్లో ఎందుకు నమ్మాడన్న ప్రశ్నకి ఆ గొంతే జవాబు.

ఇక పాటలతో నింపారన్న మాట. నాటకం మొదటి అంకంలో వెనిస్ సెనేట్ ముందు ఒథెల్లో ఏం చెప్పుకుంటాడు? నా కష్టాలు విని ఆమె నన్ను ప్రేమించింది, ఆమె జాలి చూసి నేను ఆమెని ప్రేమించాను అంటాడు. నాటకంలో పెద్దల ముందు సంజాయిషీగా వచ్చిన ఆ మాటని, ఒపెరాలో తుపాను వెలిసిన రాత్రి భార్యాభర్తలిద్దరే ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. అంటే కోసేశారన్న అంకంలోని ప్రాణం ఈ యుగళగీతంలోకి వచ్చింది. దాని చివర అతను ముద్దు అడుగుతాడు. అప్పుడు ఆర్కెస్ట్రాలో ఒక రాగం మెల్లగా పైకి లేస్తుంది.

నాలుగో అంకంలో, నిద్రపోతున్న ఆమెని చంపడానికి వచ్చి ముద్దు పెట్టుకునేటప్పుడు అదే రాగం. తనని తాను పొడుచుకున్నాక మళ్లీ అదే. ముద్దు పెట్టి చనిపోవడం షేక్‌స్పియర్ రాసిందే. ఆ చావులో మనకి ఆ మొదటి రాత్రి వినిపించేలా చేసింది వెర్ది. ఒటెల్లో చివరి మాట కూడా పూర్తి కాదు. "ఇంకో ము..." దగ్గరే ఊపిరి ఆగిపోతుంది.