రెండు పూజలు, ఒక వెదురు కర్ర

మా అప్పడాల వ్యాన్ వెనక షట్టరు విషయంలో చాలా ఆలోచించి నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆ షట్టరుని ఇన్నాళ్లూ పైన నిలబెట్టిన వెదురు కర్రని వాహన భాగంగా ప్రభుత్వం గుర్తించాలి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రాస్తారు కదా, వాటి కిందే "కర్ర: నాలుగున్నర అడుగులు, గణుపులు ఆరు" అని కూడా రాయాలి. ఇంజన్ నన్ను నడిరోడ్డు మీద వదిలేసిన రోజులున్నాయి. కర్ర ఒక్కసారే మోసం చేసింది. అందులో కూడా దాని తప్పు లేదు.

మాది బరంపురం. బోర్డుల మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, ఇంట్లో మాత్రం బరంపురమే. మా తాతగారు పుట్టేనాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దే లేచి ఇచ్ఛాపురం పక్కకి వెళ్లి కూర్చుంది. అంతటి సరిహద్దే కదిలినప్పుడు ఒక రేకు తలుపు కదలకపోవడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. సరిహద్దుకి తుప్పు పట్టదండీ. మాకు గోపాల్‌పూర్ సముద్రం పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఆ ఉప్పుగాలికి వంటింట్లో అట్లకాడే తుప్పు పడుతుంది, ఆరుబయట పడుకునే వ్యాన్ ఎంత!

అలాగని మేము బండిని పట్టించుకోమని అనుకోకండి. సరిహద్దు బండికి అన్నీ రెండేసి. సెప్టెంబర్ 17న ఒడిశా పద్ధతిలో విశ్వకర్మ పూజ. నెల తిరిగీ తిరగకముందే మన పద్ధతిలో దసరా ఆయుధ పూజ. రెండుసార్లు కడుగుతాం, రెండుసార్లు గుమ్మడికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు రెండుసార్లు నలుగుతాయి. షట్టరు పిడికి బంతిపూల దండ, పలక పలకకీ బొట్లు. మా షట్టరులో పసుపు కుంకుమ పడని కీలు లేదు, నూనె చుక్క పడిన కీలూ లేదు.

నూనె వెయ్యకపోవడానికి మా దగ్గర సిద్ధాంతం ఉంది. ఒకసారి వేస్తే మళ్లీ వెయ్యాల్సి వస్తుంది. అలవాటు చెయ్యకూడదు.

దీనికి వ్యతిరేక వర్గం వాళ్లూ మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు గ్రీజువాదులు. షట్టరు బిగుసుకుందనగానే రెండు పక్కల పట్టాల నిండా గ్రీజు ముద్దలు కూరేస్తారు. పదహారో నంబరు హైవే మీద దుమ్ము ఆ గ్రీజులో కలిసి, వారం తిరిగేసరికి నల్లటి మినప్పిండిలా గట్టిపడుతుంది. నిజానికి పట్టాలని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చుక్క నూనె పడాల్సింది రోలర్ల ఇరుసుల్లో, కీళ్లలో, పైనున్న స్ప్రింగు చుట్ల మీద. ఇంత చిన్న పనికి గుడ్డముక్క, పది నిమిషాలు, ఒక మనిషి కావాలి. మా దగ్గర గుడ్డముక్క ఉంది.

అసలు ఈ తలుపు బరువు మోసేది మన చేతులు కాదు, స్ప్రింగు. తలుపు దించినప్పుడు అది మెలి తిరిగి బిగుసుకుంటుంది. ఎత్తినప్పుడు ఆ బిగువు వదులుతూ, చివరల్లో ఉన్న డ్రమ్ముల మీద తీగల్ని చుట్టుకుంటూ తలుపుని పైకి లాగుతుంది. సవ్యంగా ఉన్న షట్టరుని నడుమెత్తున వదిలేస్తే అక్కడే ఆగాలి. కిందికి జారితే స్ప్రింగు నీరసించిందని, తనంతట తాను పైకి ఎగిరితే బిగువు ఎక్కువైందని లెక్క. మాది వదిలితే తాటిపండు పడ్డట్టు పడేది. ఇలాంటి స్ప్రింగుల్ని మామూలుగా 10,000 సార్లు తెరిచి మూసేదాకా పనికొచ్చేలా చేస్తారట. రోజుకి 40 దుకాణాల దగ్గర ఆగే బండికి 250 రోజుల్లో ఆ లెక్క చెల్లు. మా స్ప్రింగు ఆ లెక్క దాటి ఏళ్లయింది. అంటే రిటైరయ్యాక ఎక్స్‌టెన్షన్ మీద పనిచేస్తున్న ఉద్యోగి అన్నమాట. సీటులో ఉంటుంది, పని మాత్రం కర్ర చేస్తుంది.

పైగా ఎడమ తీగ పోగులు తెగి కుచ్చులా విచ్చుకుంది. దాంతో షట్టరు కుడి భుజం ఎగరేసి, ఎడమ భుజం వాల్చి, మధ్యలో నడుము వంచి అచ్చం ఒడిస్సీ త్రిభంగిలో నిలబడేది. కాశీబుగ్గ వైపు వెళ్లినప్పుడు కూచిపూడి అనుకునేవారు. సరుకుని తలుపుకి ఆనించకూడదని కూడా అంటారు. పలకలు ఉబ్బి, రోలర్లు పట్టాలు తప్పుతాయట. ఊరగాయ డబ్బాలకి ఆ సంగతి తెలియదు, వాటికి చెప్పాల్సిన నాకు తీరిక లేదు.

ఈ త్రిభంగి వల్ల లాభం పొందిన రోజులూ ఉన్నాయి, దాచను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి సరిహద్దులో పన్ను గేట్లు పోకముందు, బండి ఆపి తలుపు తెరవమనేవారు. తెరవడానికి ఇద్దరు కావాలని, మీలో ఒకరు రావాలని వినయంగా చెప్పేవాణ్ణి. చాలాసార్లు కాగితాలతోనే సరిపెట్టుకున్నారు. తర్వాత 2018 ఏప్రిల్ 1 నుంచి, సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు. మా ప్రాంతానికి ఏప్రిల్ ఒకటి మీద ఎందుకంత మక్కువో తెలీదు.

బాగు చేయించే ప్రయత్నం చెయ్యలేదనకండి. మా షట్టరు మిస్త్రీ ఒడియా ఆయన, పనిమంతుడు. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట: "భాయినా, కాలి హెబొ." రేపు అయిపోతుందని. ఆ మాట పట్టుకుని మర్నాడు వెళ్తే మళ్లీ "కాలి". విసుగొచ్చి ఒక ఒడియా మాస్టారిని అడిగితే, వాళ్ల భాషలో కాలి అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది అన్నారు. అంటే మిస్త్రీ లెక్క ప్రకారం నా పని నిన్ననే అయిపోయి ఉండొచ్చు. నేనే గమనించలేదేమో.

ఇక కర్ర మోసం చేసిన రోజు. ఇచ్ఛాపురంలో ఒక కిరాణా కొట్టు ముందు ఎండలో దింపుడు. మా క్లీనర్ కుర్రాడు షట్టరు ఎత్తి, కర్ర నిలబెట్టి, అప్పడాల కట్టలు అంచుకి జరుపుతున్నాడు. నేను తొందరపడి, మూలనున్న ఊరగాయ డబ్బా లాగుదామని అడ్డొచ్చిన కర్రని కాలితో కొంచెం పక్కకి జరిపాను. కొంచెమే. వాడు చెయ్యి వెనక్కి తీసుకోవడం, తలుపు దభీమని దిగడం ఒకేసారి జరిగాయి. ఆరు కట్టలు అప్పడాలు పొడుమైపోయాయి. వాడి వేళ్లు పది ఉన్నాయో లేవో చూడకుండానే తిట్టడం మొదలుపెట్టాను. బాధ్యత గల యజమాని ముందు చెయ్యాల్సిన పని అదే కదా.

"కర్ర మీరే తన్నేసినారండి," అన్నాడు వాడు, వేళ్లు ఊదుకుంటూ.

పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదన్నాను. కొట్టు ఆయన అప్పడాల పొడుం కేసి, నా కేసి చూసి, "ఇది ఉప్మాలోకి పనికొస్తాదేటండి?" అని అడిగాడు.

ఆ రాత్రి మిస్త్రీ ఇంటికే వెళ్లి కూర్చున్నాను. కాలి అనే మాట ఆయన నోటికి రాకముందే, కుర్రాడి చెయ్యి తలుపు కింద పడబోయిందని చెప్పాను. ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు. మర్నాడు కొత్త స్ప్రింగు, రెండు కొత్త తీగలు. తలుపు పూర్తిగా దించి, స్ప్రింగు చివర బెజ్జాల్లోకి సరిగ్గా పట్టే ఇనప కడ్డీలు రెండు పెట్టి, పావు మలుపు చొప్పున తిప్పాడు. ఒక కడ్డీ కదిలేటప్పుడు రెండోది బెజ్జంలోనే ఉండాలి. సాయం చేద్దామని నేను స్క్రూడ్రైవరు అందించాను. ఆయన దాని కేసి చూశాడు, తర్వాత నా పళ్ల కేసి చూశాడు, దూరంగా నిలబడమని చేత్తో చూపించాడు. బిగించిన స్ప్రింగు ఒక్కసారి జారితే ఆ స్క్రూడ్రైవరు ఎక్కడికి వెళ్తుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పని అయ్యాక తలుపుని నడుమెత్తుకి తెచ్చి వదిలాడు. ఆగింది. కుర్రాడు రెండు వేళ్లతో ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, నవ్వాడు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎత్తడం ఇంత సులువైతే వీడికి మిగిలే టైములో జీతం పెంచమని అడుగుతాడు.

వెళ్తూ వెళ్తూ మిస్త్రీ ఒక నూనె డబ్బా చేతిలో పెట్టి, నెలకోసారి అన్నాడు. దాన్ని జాగ్రత్తగా క్యాబిన్‌లో దేవుడి పటం పక్కన పెట్టించాను.

మొన్న విశ్వకర్మ పూజకి బండి కడిగాం. దండలు వేశాం. పైన కట్టి ఉంచిన వెదురు కర్రకి కూడా కుర్రాడు మూడు బొట్లు పెట్టాడు, పాత ఉద్యోగి కదా. పళ్లెం సర్దుతుంటే గుర్తొచ్చి అడిగాను:

"నూనె డబ్బా ఏం చేశావురా?"

"దానికీ పెట్టానండి బొట్టు," అన్నాడు. "మూతే ఇంకా తియ్యనేదు."