బీర్ నురగ గారికి ఓ గోదావరోడి మనవి

అయ్యా నురగ గారూ,

భీమవరం నుంచి రాసుకునేది ఏంటంటేనండి, మా బావమరిది అమెరికాలో ఇంట్లోనే బీర్ కాస్తాడు, అక్కడది తప్పు కాదులెండి, 1978లోనే అప్పటి ప్రెసిడెంటు కార్టర్ గారు ఆ చట్టం మీద సంతకం పెట్టేశారు. మొన్న సంక్రాంతికి మూడు సీసాలు లుంగీల్లో చుట్టి తెచ్చాడు. ఆడి ఫోన్లో ఫొటోలు చూస్తే తమరు గ్లాసు మీద రెండు వేళ్ల మందాన కూర్చునున్నారు. మా ఇంట్లో పోస్తే పది లెక్కెట్టేలోపు మాయం! అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు కూడా అంత తొందరగా లేచిపోడండి. తమరు ఎలా కరిగిపోతారో లెక్క కట్టినందుకు 2002లో ఓ జర్మనీ ప్రొఫెసర్‌కి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతిలెండి) ఇచ్చారు, మా ఇంటికొచ్చుంటే ఆయనకి గడియారం తీసే టైం కూడా దొరికేది కాదు.

ఇంక పంచాయితీ మొదలు. సీసాలో గ్యాస్ పుట్టడానికి పంచదార లీటరుకి ఏడు గ్రాములు కొలిచే వేశానంటాడు, రెండు వారాలు వెచ్చగా ఉంచానంటాడు, మూత తీస్తే తుస్సుమని గట్టిగానే అంది, అంటే గ్యాస్ ఉన్నట్టేగా. చివరికి బార్లీలో మూడో వంతు బియ్యం కలిపానని ఒప్పుకున్నాడు. తమర్ని నిలబెట్టే ప్రొటీన్ మాల్టులోంచి, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోంచి రావాలంట, హాప్స్ అనే పువ్వుల చేదు దానికి తోడవ్వాలంట, బియ్యం ఎక్కువైతే ఆ ప్రొటీన్ పల్చబడిపోద్దంట. పక్కనే మార్టేరులో 1982లో స్వర్ణ వరి పుట్టిందండి, ఈ గడ్డ మీద కూర్చుని బియ్యాన్ని తిడితే నాకు కాలదా? అదే బియ్యంతో అమెరికాలో నిలబడ్డారు కదా తమరు, ఇక్కడేం రోగం అని అడిగాను. రెండో సీసా కూడా అంతే. లొట్టిలో కల్లుకి ఇన్ని వేషాలు లేవండి, ఎవరూ బతిమాలకుండానే పొంగుద్ది.

అసలు దొంగ గ్లాసు. చేపల పులుసు దాక తోమిన పీచుతోనే గ్లాసులూ తోమాను (ఆవిడ ఊరెళ్లింది, నేనేనండి తోమింది). జిడ్డు తగిలితే తమరి బుడగలు పేలిపోతాయంట. బావమరిది తడి గ్లాసులో ఉప్పు జల్లి చూపించాడు, శుభ్రంగా ఉన్నచోట అంటుకుంది, జిడ్డున్నచోట జారిపోయింది, మా గ్లాసులో ఉప్పు గోదాట్లో లంకల్లాగ అక్కడోటీ ఇక్కడోటీ. సబ్బు మిగిలినా తమరికి పడదంటగా, సరే, వంటసోడాతో రుద్ది, మూడుసార్లు తొలిచి, గుడ్డ పెట్టకుండా బోర్లించి ఆరబెట్టాను. నా పెళ్లికి కూడా అంత మర్యాద చెయ్యలేదు మా వాళ్లు.

మూడో సీసాకి నిలబడ్డారు! ఫొటోలు తీసుకున్నాం. అప్పుడు మా వాడు రొయ్యల వేపుడు నవుల్తున్న మూతితోనే ఓ గుక్క లాగాడు, ఆ పక్క నుంచి తమరు దిగిపోడం మొదలు.

ఇప్పుడేంటి, రొయ్యలు మానేయమంటారా? భీమవరంలోనా? తమరే ఇంకో ఊరు చూసుకోండి, ఆయ్.