బడ్జెట్ పద్దులకు ఎక్కని మద్యం బిల్లు

2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల లైసెన్సుల కోసం 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటి దరఖాస్తు రుసుము రూ.2 లక్షలు, లాటరీలో పేరు రాకపోయినా తిరిగి ఇవ్వరు. అంటే కొత్త దుకాణాల్లో ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు రూ.2,600 కోట్లకు పైగా చేరాయి. ఇంత తేలిగ్గా వచ్చే సొమ్మును ఏ ఆర్థిక మంత్రీ కాదనుకోరు. అయితే ఆ సొమ్ముతోనే ఆసుపత్రులు నడుస్తున్నాయనీ, తాగేవాడు తన వైద్యానికి తానే ముందుగా చెల్లిస్తున్నాడనీ చేసే వాదన మాత్రం లెక్కకు నిలవదు.

పొగాకు విషయంలో ఆ లెక్క తేలనే తేలింది. 35 ఏళ్లు పైబడినవారిలో పొగాకు తెచ్చిపెట్టిన జబ్బులు, అకాల మరణాల వల్ల 2017-18లో దేశానికి కలిగిన నష్టం రూ.1,77,341 కోట్లని పరిశోధకులు అంచనా కట్టారు. పొగాకుపై వచ్చిన ఎక్సైజ్ రాబడి అందులో ఎనిమిదో వంతుకు కూడా చాలలేదు. అంతకన్నా గమనించవలసిన సంగతేమిటంటే, ఆ నష్టంలో వైద్యానికి నేరుగా అయిన ఖర్చు నాలుగో వంతు లోపే. మిగిలినదంతా పోయిన కూలి, ముందే పోయిన ప్రాణం.

మద్యం సంగతీ ఇంతే. కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి మంచం పట్టిన తాపీ మేస్త్రీలు సర్కారు దవాఖానాలో వార్డుకొకరైనా కనిపిస్తారు. మంచం, మందులు ప్రభుత్వానివే. పక్కన కూర్చోవడానికి భార్య మానుకున్న కూలి, బయట చేయించిన పరీక్షల కోసం నష్టానికి పాడుకున్న చీటీ, బడి మాని సెంట్రింగ్ పనికి వెళ్లిన పెద్దకొడుకు ఏ శాఖ పద్దులోనూ ఉండరు. రాబడి ఒక్కచోట కుప్పపడి కనిపిస్తుంది, ఖర్చు మాత్రం ఇంటింటికీ చెదిరిపోతుంది.

1995లో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం దొంగసారాకు దారితీసి, 1997లో సడలించవలసి వచ్చిందని గుర్తుచేసేవారి మాట నిజమే. నేను నిషేధం అడగడం లేదు.

ప్రభుత్వాలు సీసాను ఇంతగా నమ్ముకోవడానికి అసలు కారణం, ఉన్నవాళ్లను పన్ను అడగలేని మొహమాటం. కోట్లు పలికే స్థలాన్ని ప్రభుత్వ విలువకే రాయించుకుని మిగతాది నగదుగా చేతులు మార్చుకుంటుంటే చూసీచూడనట్టుండే యంత్రాంగం, మేస్త్రీ కొనే క్వార్టర్ దగ్గర పైసా వదలదు. కనీసం వచ్చే బడ్జెట్‌లో ఎక్సైజ్ రాబడి పక్కనే, తాగుడు, పొగాకు తెచ్చిన జబ్బులకు ఆరోగ్యశ్రీ కింద చెల్లించినదెంతో, ఆ కుటుంబాలు సొంతంగా పెట్టుకున్నదెంతో సర్వే చేయించి ఒక పేజీ అచ్చు వేయాలి. ఆ తర్వాత ఆసుపత్రులను మద్యమే పోషిస్తోందని శాసనసభలో చెప్పదలిస్తే, ఆ పేజీని చేతిలో పట్టుకుని చెప్పవచ్చు.