డాక్టర్ రష్ గారి రాజకీయ చికిత్స

రాజకీయాల్లోకి రాదలచినవారు న్యాయశాస్త్రం చదవాలన్న అపోహ ఇంకా ప్రచారంలో ఉంది. రోగి పరిస్థితి ఎంత విషమించినా తన మందు మీద నమ్మకం సడలనివ్వని వైద్యుడే ప్రజాజీవితానికి అసలైన అర్హుడని అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ రష్ గారు ఏనాడో నిరూపించారు.

ఎడింబరోలో పట్టా పుచ్చుకున్న ఈ వైద్యుడు, 1776 జూలైలో అమెరికా స్వాతంత్ర్యంపై ఓటింగు ముగిశాక అక్కడి ప్రతినిధుల సభ అయిన కాంగ్రెసుకు ఎన్నికై, ఆగస్టులో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి చరిత్రకెక్కారు. వంట పూర్తయ్యాక విస్తరి ముందు కూర్చోవడం నేరమేమీ కాదు. తరువాత సైన్యంలో వైద్యాధికారిగా ఆస్పత్రుల దుస్థితిని నిలదీశారు. ఫిర్యాదు న్యాయమైనదే కనుక పదవి వదులుకోవలసి వచ్చింది. సేనాని జార్జ్ వాషింగ్టన్‌ను విమర్శిస్తూ పేరు లేకుండా వర్జీనియా గవర్నరు ప్యాట్రిక్ హెన్రీకి ఉత్తరం రాస్తే, హెన్రీ దానిని వాషింగ్టన్‌కే పంపారు, వాషింగ్టన్ అది రష్ దస్తూరీ అని గుర్తుపట్టారు. వైద్యుల చేతిరాత ఎవరికీ అర్థం కాని కాలం అప్పటికింకా రాలేదు కాబోలు.

విప్లవానంతరం, స్వేచ్ఛపై మితిమీరిన మోజు ఒక రకం పిచ్చి అని నిర్ధారించి, ఆయన దానికి ‘అనార్కియా’ అని పేరు పెట్టారు. మనతో విభేదించేవాడు ప్రత్యర్థి కాడు, రోగి అన్న ఈ మహత్తర ఆవిష్కరణకు రావలసినంత కీర్తి రాలేదు. బానిసత్వాన్ని ఖండిస్తూ 1773లో కరపత్రం అచ్చువేసిన ఆయనే తరువాత ఒక బానిసకు యజమాని అయ్యారు. పథ్యం రోగికే గాని వైద్యుడికి కాదు కదా.

1793లో ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం ఫిలడెల్ఫియాలో దాదాపు 5,000 మందిని పొట్టనబెట్టుకుంది. పారిపోగలిగినవారు పారిపోయినా ఆయన కదలలేదు, తానూ జ్వరపడ్డారు. ఈ మాటలో వ్యంగ్యం లేదు. అయితే మనిషి ఒంట్లో నిజంగా ఉన్నదానికి దాదాపు రెట్టింపు నెత్తురు ఉంటుందని లెక్కగట్టి, రోగులకు పాదరసపు విరేచన మందు మింగించి, జ్వరం తగ్గాలని ధారాళంగా నెత్తురు తీశారు. నెత్తురు లెక్కలో ఇంతటి నేర్పు చూపినవారిని అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1797లో టంకశాల కోశాధికారిగా నియమించారు; 1813లో మరణించేదాకా ఆ పదవి ఆయనదే.

భూమ్మీద జనాభాను తగ్గించే గొప్ప ఆవిష్కరణల్లో ఈ వైద్యం ఒకటని పత్రికారచయిత విలియం కాబెట్ ఎద్దేవా చేయగా, రష్ పరువునష్టం దావా వేశారు. 1799 డిసెంబరు 14న కాబెట్ 5,000 డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. ఆ రోజు రాత్రే తన స్వగృహం మౌంట్ వెర్నన్‌లో, గొంతు వాచిన వాషింగ్టన్ వేరే వైద్యులు పదే పదే నెత్తురు తీసిన మీదట కన్నుమూశారు. ఆ వైద్యాన్ని నిందించడం ఎంత ఖరీదైన పనో న్యాయస్థానం తేల్చింది కనుక, ఆ మరణానికి గొంతువాపే కారణమని రాసుకోవడం క్షేమం.