గుప్పెడు బియ్యం గడప దాటాలి

విశాఖలో జ్ఞానాపురం, అల్లిపురం వైపు క్రైస్తవ ఇళ్లలో కొన్నిచోట్ల పొయ్యి పక్కన ఒక పాత డబ్బా కనిపిస్తుంది. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ముందుగా ఒక గుప్పెడు తీసి అందులో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చిన్న సంచిలో గుడికి, అంటే చర్చికి చేరుతుంది. సోనామసూరి, రేషన్ బియ్యం, ఒకరింటి పాత బియ్యం, మరొకరింటి కొత్త బియ్యం అన్నీ అక్కడికి వస్తాయి. కలిపి వండితే సగం ముద్దవుతాయి, సగం పలుకుగా మిగులుతాయి. ఆ సంగతి తెలిసిన పెద్దమ్మలు గోనె దగ్గరే నిలబడి ఏ రకం బియ్యం ఆ రకంలో పోయిస్తారు. తీసుకునేవాళ్లు కూడా మనలాగే మంచి అన్నం తినాలన్న పట్టుదల అది. ఆకలి మీద పోరాటం అంటే మాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గోనె దగ్గర నిలబడ్డ మనిషే.

ఈ అలవాటును వీధి చివరి వరకే ఆపకుండా, ప్రపంచంలోని ఆకలిని, పేదరికాన్ని ఎదిరించే పనికి మలచాలన్న ఆలోచన నగరంలోని క్రైస్తవ సంఘాల్లో కదులుతోంది. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ మహిళలు పూటపూటకీ గుప్పెడు బియ్యం తీసిపెట్టి వందేళ్లు దాటింది. ఆ గుప్పెళ్లే ఇవాళ ఏటా కోట్ల రూపాయలవుతున్నాయి. విశాఖ ఆడపడుచులకు చేతకానిదేమీ కాదిది.

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో గడిపారు. అంతకు ముందు ఏడాది కంటే ఈ సంఖ్య కాస్త తగ్గింది. ఆఫ్రికాలో మాత్రం పెరిగింది. అక్కడ ఐదుగురిలో ఒకరికి మించి కడుపు నిండడం లేదు. 2030 నాటికి ఆకలి అన్నదే లేకుండా చేస్తామని 2015లో దేశాలన్నీ మాటిచ్చాయి. ఆ గడువు ముంచుకొస్తోంది. పంట పండక ఈ గతి పట్టలేదు. చాలాచోట్ల కొనడానికి చేతిలో డబ్బు లేదు, కొన్నిచోట్ల తిండి చేరే దారులే మూసుకుపోయాయి. సూడాన్‌లో 2024లో, గాజాలో 2025లో కరువు వచ్చిందని నిపుణులు నిర్ధారించారు. రెండు చోట్లా ఆ కరువును తెచ్చింది యుద్ధం.

మన ఇంటి చుట్టూ ఇంత లేమి ఉండగా ఆఫ్రికా గోల మనకెందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెతా గుర్తుచేస్తారు. న్యాయమైన ప్రశ్నే. మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కానీ ఈ రెండు ఆకలులూ వేర్వేరు కావు. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులను ఆపేసింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే కాబట్టి బయట ధరలు ఎగబాకాయి. కాకినాడ రేవులో ఓడలకు ఎక్కే బియ్యం మీద ఆధారపడిన పశ్చిమ ఆఫ్రికా ఇళ్లలో ఆ దెబ్బ నేరుగా కంచం మీద పడింది. 2024 సెప్టెంబరులో గానీ ఆ నిషేధం తొలగలేదు. విశాఖ నుంచి కాకినాడ ఎంత దూరమని?

సాయం ఎలా చేయాలో తెలుగు నేల మీదే ఒక పాఠం ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు గంజితో పాటు పని, పనికి కూలి దొరికాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, కరువు నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదనుకున్నాడు. ఆ నియమం ఇప్పటికీ అంతే గట్టిగా ఉండాలని మా అభిప్రాయం. అన్నం పెట్టే చేతి వెనక ఏ షరతూ ఉండకూడదు, ప్రార్థనకు రమ్మన్న పిలుపు కూడా. కుల మతాలు చూడకుండా కోనసీమలో అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు నేడు రాష్ట్రంలో బడి భోజనానికి ఉంది. ఆ గౌరవం ఊరికే రాలేదు.

వడ్డించడంతోనే పని అయిపోదు. యాభయ్యో ఏట, పేదరికంతో అమ్ముడుపోయినవాళ్లు విడుదల కావాలని, అమ్ముకున్న భూమి తిరిగి రావాలని బైబిలు చెప్పే సునాద సంవత్సరం గురించి సంఘాల్లో వినే ఉంటారు. 1990ల చివర్లో ఆ మాటనే పట్టుకుని అనేక దేశాల చర్చిలు పేద దేశాల అప్పులు కొట్టేయాలని వీధుల్లోకి వచ్చాయి. 1998లో బర్మింగ్‌హాంలో ధనిక దేశాల నేతలు సమావేశమైతే, ఆ ఊళ్లో వేలమంది చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. తర్వాతి సంవత్సరాల్లో అప్పులు కొంత మేరకైనా రద్దయ్యాయి. అలా ఊరట పొందిన టాంజానియా 2001లో ప్రాథమిక బడి ఫీజు ఎత్తేసింది. పిల్లలు బడులకు పోటెత్తారు. కానుకల సంచి ఒక్కదానితో ఆ పని జరిగేదా?

విశాఖ సంఘాలు మూటలు కట్టి ఓడ ఎక్కించనక్కర్లేదు. దేశ విభజన నాటి శరణార్థుల కోసం 1947లో పుట్టిన కాసా, 1962 నుంచి పనిచేస్తున్న కారితాస్ ఇండియా వంటి చర్చిల సేవా సంస్థలు ఉన్నాయి. వాటితో కలవవచ్చు. ఆకలి దేశాలకు ఇచ్చే సాయంలో కోత పెట్టవద్దని, ఆహార ఎగుమతులను ఉన్నట్టుండి ఆపవద్దని మన ఎంపీలను అడగవచ్చు. ఒక నగరంలోని చర్చిలన్నీ కలిసి సంతకం చేసిన ఉత్తరాన్ని ఏ ఎంపీ అయినా పక్కన పడేస్తాడని మేం అనుకోం.

వీధిలో చేయాల్సిన పని ఇంకా దగ్గరగా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధంతో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. ప్రభుత్వ భృతి బోటు మీద వెళ్లేవాళ్ల కోసమే. చేపలు ఎండబెట్టి, గంపల్లో తిప్పి అమ్ముకునే ఆడవాళ్ల సంగతేంటి? కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర పాడేరు, అరకు నుంచి రోగికి తోడుగా వచ్చినవాళ్లు ఇడ్లీ పొట్లం రోగి చేతికిచ్చి తాము టీతో సరిపెట్టుకుంటారు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం ఉందని వాళ్లకు చెప్పి, దారి చూపించే మనిషి ఒకరుంటే చాలు. ఇక వేలిముద్ర పడక రేషన్ దగ్గర వెనక్కి తిరిగే ముసలమ్మ ఉంది. ఇళ్లలో గిన్నెలు తోమీ తోమీ అరిగిన వేళ్లవి. ఆమెకు గుప్పెడు బియ్యం ఇవ్వడం సులువు. ఆమెను వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లడానికి ఒక పూట సెలవు పెట్టాలి, క్యూలో నిలబడాలి, రేపు రమ్మంటే రేపూ వెళ్లాలి. నెలకు 5 కిలోలు ఆమె హక్కు, 2013 నుంచి చట్టంలో ఉన్న హక్కు. యువజన సంఘాల కుర్రాళ్లు ఈ పని భుజాన వేసుకోవాలి.

కోత పండుగ దగ్గర పడుతోంది. గుడి ముందు గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్లు వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు అదే గుమ్మడికాయను తిరిగి కానుకగా ఇస్తే మళ్లీ వేలం మొదలవుతుంది. ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి కానుకల లెక్క చదువుతారు. ఈసారి ఆ లెక్కలోనే మరో రెండు అంశాలు చదవాలని కోరుతున్నాం. ఆకలి దేశాల కోసం ఎంత పంపారు, ఏ సంస్థ ద్వారా పంపారు? మీ వీధిలో ఎందరికి ఆగిన రేషన్ తిరిగి ఇప్పించారు?