పసిబిడ్డ మెదడులో రక్తపు గడ్డ: తల్లిని దోషిని చేస్తున్న సందేశం

"నెలలోపు బిడ్డకు మెదడులో రక్తం గడ్డకట్టిందంటే అది తల్లి నిర్వాకమే. గర్భంతో ఉన్నప్పుడు బరువులెత్తడం, గ్రహణం వేళ బయట తిరగడం, బీపీ తెచ్చుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. గర్భిణులందరూ రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలి, బిడ్డకు విటమిన్ కె సూది వేయించకూడదు" అన్న సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. ఇందులో బీపీ మాట ఒక్కదానికే కొంత ఆధారం ఉంది, దానికీ తప్పుడు అర్థమే చెప్పారు.

గర్భిణికి బీపీ పెరిగి గుర్రపు వాతానికి (ఫిట్స్‌కు) దారితీయగల ప్రీఎక్లాంప్సియా, ఉమ్మనీటి సంచి ముందుగా పగిలి చాలా గంటలు గడవడం, ఉమ్మనీటికి ఇన్‌ఫెక్షన్ సోకడం, గతంలో సంతానలేమి ఉండడం వంటివి ప్రమాద కారకాలన్న మాట నిజమే. 2005లో వెలువడిన కాలిఫోర్నియా అధ్యయనం దాదాపు 2 లక్షల జననాలను పరిశీలించగా, ధమనిలో గడ్డ అడ్డుపడి మెదడు దెబ్బతిన్న శిశువులు 40 మంది తేలారు. ప్రీఎక్లాంప్సియా గర్భిణుల్లో నూటికి 2 నుంచి 8 మందికి వస్తుంది. అదే కారణమైతే 2 లక్షల కాన్పుల్లో వేలమంది శిశువులకు గడ్డలు కట్టి ఉండాలి. ప్రమాద కారకం అంటే అవకాశాన్ని పెంచేదే తప్ప, దానంతట అదే జబ్బును పుట్టించేది కాదు. పైగా బీపీని ఏ తల్లీ కోరి తెచ్చుకోదు.

బరువులకు, గ్రహణానికి దీనితో సంబంధం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు.

సందేశం అసలు పట్టించుకోనిది బిడ్డ వైపు కారణాలను. రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్-సి, యాంటీథ్రాంబిన్ వంటివి పుట్టుకతో పెద్దవాళ్లలో కంటే బాగా తక్కువగా ఉంటాయి, రక్తమూ చిక్కగా ఉంటుంది. గడ్డ ధమనిలోనే కాదు, సిరల్లోనూ కట్టవచ్చు. కాన్పు సమయంలో పుర్రె ఎముకలు ఒకదానిపైకి ఒకటి జరిగినప్పుడు వాటి కిందనున్న పెద్ద సిరలు నొక్కుకుపోవచ్చు. దీనికి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకడం), మెదడుపొరల వాపు, పుట్టుకతో వచ్చే గుండెజబ్బు, ఒంట్లో నీరు తగ్గడం తోడైతే సిరల్లో గడ్డకట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించి బిడ్డను పస్తుంచే అలవాటు మన ఇళ్లలో ఇంకా అక్కడక్కడా ఉంది. నీరు తగ్గడం దగ్గర పెద్దలు సరిదిద్దగలిగినది అదే.

విటమిన్ కె గురించి చెప్పినది అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ సూది మెదడులో రక్తస్రావం కాకుండా కాపాడుతుంది. రక్తస్రావం వేరు, సిరలో గడ్డ వేరు. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్-సి, ప్రొటీన్-ఎస్ తయారు కావడానికి కూడా విటమిన్ కె కావాలి. దాన్ని మానేసిన బిడ్డకు రెండు, మూడు నెలల వయసులోనూ మెదడులో రక్తస్రావం జరగవచ్చు.

తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు సాధారణంగా 16 వారాల లోపు డాక్టర్లే మొదలుపెడతారు. బిడ్డ మెదడులో గడ్డలను ఆపడానికని అందరికీ ఇచ్చే మందు కాదది.

ఇలాంటి బిడ్డ తరచూ మొదటి రోజుల్లోనే ఒక చేయి లేదా కాలు లయగా కొట్టుకోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, పాలు పట్టకుండా మత్తుగా పడి ఉండడం వంటి లక్షణాలు చూపిస్తుంది. మాడు మీదుగా తీసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో గడ్డ కనబడకపోవచ్చు గనుక, అనుమానం ఉంటే సిరలను చూపించే ఎంఆర్‌ఐ తీయించమని డాక్టరును అడగాలి.